క్రైస్తవ దృక్పథం: నమ్మకం నుంచి నడవడి దాకా

ఈ లోకం ఎక్కణ్ణుంచి వచ్చింది, మనిషి ఎవరు, బతుకులో ఇంత చెడు ఎందుకుంది, దానికి విరుగుడు ఏమిటి, చివరికి అంతా ఎటు పోతుంది? ఈ ప్రశ్నలకు బైబిలు చెప్పే జవాబుల వెలుగులో జీవితం మొత్తాన్ని చూడడాన్నే క్రైస్తవ దృక్పథం అంటారు. ఈ ప్రశ్నలు పండితులకే పుట్టేవి కావు. పొలం కౌలుకిచ్చేటప్పుడు, కూతురికి సంబంధం చూసేటప్పుడు, ఆస్పత్రి వరండాలో రాత్రంతా కూర్చున్నప్పుడు ప్రతి మనిషీ తెలిసో తెలియకో వాటికి ఏదో ఒక జవాబు ఇచ్చుకునే ఉంటాడు. ఆ జవాబు చెప్పే మాటలో కంటే చేసే పనిలో ఎక్కువగా బయటపడుతుంది. ఒక విశ్వాసి దృక్పథం ఏమిటో తెలియాలంటే ఆదివారం అతను పాడే కీర్తన వినడం కన్నా సోమవారం అతను రాసే జమాఖర్చుల పుస్తకం చూడడం మేలు.

నమ్మకం రెండు వేల ఏళ్లనాటిదే. దాన్ని ఒక సమగ్రమైన చూపుగా విడమరిచి చెప్పే అవసరం మాత్రం పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చింది. ఫ్రెంచి విప్లవం, కొత్త విజ్ఞానశాస్త్రం, పరిశ్రమలు వచ్చాక దేవుడి ఊసే లేకుండా లోకాన్ని వివరించే సిద్ధాంతాలు యూరప్‌లో బలపడ్డాయి. వాటితో ఒక్కో అంశం మీద విడివిడిగా వాదించి లాభం లేదని స్కాట్లాండ్ దైవశాస్త్రవేత్త జేమ్స్ ఓర్ గ్రహించాడు. దేవుణ్ణి, లోకాన్ని క్రైస్తవం ఎలా చూస్తుందో మొత్తంగా వివరిస్తూ ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు 1893లో పుస్తకంగా వచ్చాయి. 1898లో నెదర్లాండ్స్ నుంచి అబ్రహాం కైపర్ అమెరికా వెళ్లి ప్రిన్స్‌టన్‌లో ఇదే దారిలో ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. కైపర్ జీవితమే ఆ ఉపన్యాసాలకు ఉదాహరణ. పల్లెటూరి పాస్టరుగా మొదలైన మనిషి 1872లో దినపత్రిక, 1879లో రాజకీయ పార్టీ, 1880లో ఆమ్‌స్టర్‌డామ్‌లో విశ్వవిద్యాలయం పెట్టి, 1901 నుంచి 1905 దాకా దేశ ప్రధానిగా పనిచేశాడు. కుటుంబం, బడి, చర్చి, వ్యాపారం, ప్రభుత్వం దేని పరిధి దానిదేననీ, ఒకదాని మీద ఇంకొకటి పెత్తనం చెయ్యకూడదనీ, అన్నీ నేరుగా దేవుడికే జవాబుదారీ అనీ ఆయన వాదన. ఇరవయ్యో శతాబ్దంలో ఈ ఆలోచనను మామూలు చదువరుల దగ్గరికి తీసుకెళ్లినవారిలో అమెరికన్ పాస్టరు ఫ్రాన్సిస్ షేఫర్ ముఖ్యుడు. 1955లో ఆయనా, భార్య ఎడిత్ స్విట్జర్లాండ్ కొండల్లోని తమ ఇంటి తలుపులు తెరిచారు. సందేహాలతో వచ్చిన యువతీయువకులు అక్కడే ఉండి, వాళ్లతో కలిసి తిని, పనిచేసి, వాదించుకునేవారు.

నాలుగు అంకాల కథ

ఈ దృక్పథం బైబిల్లో సూత్రాలుగా కాక కథగా నడుస్తుంది. సృష్టి, పతనం, విమోచన, పరిపూర్తి అని దాన్ని నాలుగు అంకాలుగా చెప్పుకోవడం పరిపాటి.

ఆదికాండము మొదటి అధ్యాయంలో దేవుడు తాను చేసినదాన్ని చూసి మంచిదంటాడు, అదీ మళ్లీ మళ్లీ అంటాడు. రెండో శతాబ్దంలో జ్ఞానవాదులు పదార్థం నీచమైనదనీ, ఆత్మకు శరీరం చెరసాల అనీ బోధించినప్పుడు సంఘం ఆ బోధను తోసిపుచ్చింది ఈ అధ్యాయం బలంతోనే. మట్టి మంచిది, ఒళ్లు మంచిది, తిండీ పెళ్లీ మంచివి. కానీ వీటిలో ఏదీ దేవుడు కాదు. చుట్టుపక్కల జాతులు దేవతలుగా కొలిచే సూర్యచంద్రులను ఆ అధ్యాయం పేరు పెట్టి కూడా పిలవదు, పగటికీ రాత్రికీ పెట్టిన దీపాలుగా మాత్రమే చూస్తుంది.

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో కనిపించే ఒక తేడాకు మూలం ఇక్కడే ఉంది. గ్రహాలు కూడా సృష్టిలో భాగమే గనక అవి మనిషి తలరాత రాయవని నమ్మిక. అందుకే పెళ్లికి ముహూర్తం పెట్టించరు. చర్చి ఎప్పుడు ఖాళీగా ఉందో, బంధువులకు సెలవులెప్పుడో చూసుకుని తేదీ పెట్టుకుంటారు. కొత్త ఇంట్లో దిగేటప్పుడు పాస్టరుగారిని పిలిచి ప్రతిష్ఠ ప్రార్థన చేయిస్తారు. ఆయన భోంచేసి వెళ్లాక, వంటగది ఏ మూలన ఉండాలో వాస్తు తెలిసినవాణ్ణి గుట్టుగా అడిగేవాళ్లూ లేకపోలేదు. నోటిలో నమ్మకం ఒకటి, లోపల భయం ఇంకొకటి కావడం ఏ మతంలోనైనా ఉన్నదే.

సృష్టి అంకంలో అన్నిటికన్నా పెద్ద మాట మనిషి గురించినది. ప్రాచీన ఈజిప్టు, మెసొపొటేమియాల్లో దేవుడి ప్రతిరూపం అన్న బిరుదు రాజుది. ఆదికాండము ఆ బిరుదును రాజు దగ్గర నుంచి తీసి ఆడా మగా అనకుండా మనుషులందరికీ ఇచ్చింది. దీని ఫలితం వెంటనే కనిపించలేదు. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న నిస్సా బిషప్పు గ్రెగరీ ఈ మాటను పట్టుకుని బానిసల యజమానులను నిలదీశాడు. దేవుని స్వరూపాన్ని కొనడానికి ఎవరి దగ్గర అంత సొమ్ముంది, అమ్మే హక్కు ఎవరికుంది అన్నది ఆయన ప్రశ్న. బానిసత్వం గాలంత సహజమని అందరూ అనుకునే రోజుల్లో ఇంత సూటిగా మాట్లాడినవాళ్లు అరుదు. ఆయన అన్న బాసిల్ కైసరయ ఊరి వెలుపల రోగులకు, కుష్ఠు బాధితులకు, పరదేశులకు పెద్ద ఆశ్రయం కట్టించాడు. ఆస్పత్రుల చరిత్ర రాసేవారు ఈ కట్టడాన్ని తప్పక తలుచుకుంటారు.

భూమిని ఏలుకోమని మనిషికి చెప్పిన మాటే ప్రకృతి నాశనానికి దారితీసిందని 1967లో అమెరికన్ చరిత్రకారుడు లిన్ వైట్ విమర్శించాడు. ఆ విమర్శలో కొంత నిజముంది. అడవులు నరికినవాళ్లు, గనులు తవ్వినవాళ్లు ఆ వాక్యాన్ని బాగానే వాడుకున్నారు. అయితే రెండో అధ్యాయం మనిషిని తోటలో పెట్టింది దాన్ని సాగుచేయడానికీ, కాపాడడానికీ అంటుంది. ఏలిక అంటే కాపుదలే అన్న ఈ అర్థాన్ని ముందుకు తెచ్చినవాటిలో 2015లో పోప్ ఫ్రాన్సిస్ వెలువరించిన ‘లౌదాతో సీ’ బాగా పేరున్నది.

రెండో అంకం పతనం. క్రైస్తవ దృక్పథంలో ఆధునికులకు మింగుడుపడని భాగం ఇదే. పాపమంటే కొన్ని చెడ్డ పనుల పట్టిక అయితే ఎవరైనా ఒప్పుకుంటారు. మనసు మొదలంటా దేవుడికి ఎదురు తిరిగి తన చుట్టూ తానే తిరుగుతుందనీ, మంచివాళ్లూ పూజ్యులూ ఇందుకు మినహాయింపు కాదనీ అనేసరికి చిక్కొస్తుంది. బైబిలు తన సొంత వీరులను కూడా వదలదు. రాజైన దావీదు పరుల భార్యను చేరదీసి, ఆమె భర్తను యుద్ధంలో చంపించిన సంగతి దాచిపెట్టకుండా రాస్తుంది. ప్రవక్త నాతాను వచ్చి ఆ రాజు మొహం మీదే తప్పు చెప్పిన సంగతీ రాస్తుంది.

మనిషికి అంత గౌరవమిచ్చి, అదే మనిషి మీద ఇంత అనుమానం పెట్టుకోవడమే ఈ దృక్పథానికి వెన్నెముక. రెండూ ఒకేసారి పట్టుకోవాలి. మొదటిది వదిలేస్తే మనిషి వాడి పారేసే సరుకవుతాడు. రెండోది వదిలేస్తే నాయకుడు దేవుడవుతాడు. ప్రజాస్వామ్యం సాధ్యం కావడానికి మనిషిలోని న్యాయబుద్ధి కారణమైతే, అది అవసరం కావడానికి అతనిలోని అన్యాయబుద్ధి కారణమని అమెరికన్ ఆలోచనాపరుడు రైన్‌హోల్డ్ నీబర్ 1944లో వాదించింది ఈ రెండింటినీ కలిపే. ఇంత పెద్ద సిద్ధాంతం చిన్న విషయాల్లో ఎలా పనిచేస్తుందో పౌలు చూపించాడు. యెరూషలేములోని పేదల కోసం సంఘాల దగ్గర చందా పోగుచేసినప్పుడు ఆ సొమ్ము తన ఒక్కడి చేతిలో ఉంచుకోలేదు. ఎవరూ వేలెత్తి చూపకుండా, సంఘాలు ఎంచుకున్న మనుషులను వెంటబెట్టుకున్నాడు. ఆరాధన అయ్యాక కానుకల సంచిని ఇద్దరు ముగ్గురు కూర్చుని లెక్కపెట్టి సంతకాలు చేసే పద్ధతికి వేదాంతం ఇదే. చర్చి ఆస్తుల తగాదాలు ఏళ్ల తరబడి కోర్టుల్లో నలుగుతున్నచోట, ఆ పద్ధతిని ఎక్కడో ఒక దగ్గర ఎవరో పక్కన పెట్టే ఉంటారు.

మూడో అంకంలో దేవుడే మనిషిగా వచ్చాడన్నది క్రైస్తవుల నమ్మకం. యేసు రోమన్ అధికారి పిలాతు కాలంలో సిలువ మీద చనిపోయి, మూడో రోజున లేచాడనీ, మనిషి తీర్చలేని బాకీ అక్కడ తీరిందనీ వారు చెబుతారు. ఇక్కడి కీలకం కృప. మంచి పనులు రక్షణకు చెల్లించే వెల కావు, రక్షణ దొరికినవాడి కృతజ్ఞత అని 1517 తరవాత జర్మన్ మత సంస్కర్త లూథర్ గట్టిగా వాదించాడు. దీనిమీద కాథలిక్కులు, లూథరన్లు విడిపోయి దాదాపు ఐదు శతాబ్దాలు తగువులాడుకున్నారు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో ఇరుపక్షాలూ ఈ విషయంలో ప్రధానాంశాల మీద ఏకాభిప్రాయానికి వచ్చినట్టు సంతకాలు చేశాయి.

కృపను నమ్మినవాడు క్షమించకుండా ఉండలేడన్నది దీని తరవాతి మెట్టు. యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథలో తండ్రి పరువు చూసుకోకుండా ఎదురు పరుగెత్తుతాడు. అన్న మాత్రం గడప బయట అలిగి నిలబడతాడు. చర్చిల్లో ముందు వరసలో కూర్చునేవాళ్లు తమ్ముడి కంటే అన్నను పోలి ఉండే ప్రమాదమే ఎక్కువ. క్షమ ఎంత బరువైనదో 1999 జనవరిలో దేశం చూసింది. ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియన్ మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ ఆయన ఇద్దరు కొడుకులనూ జీపులో సజీవ దహనం చేశారు. ఆయన భార్య గ్లాడిస్ హంతకులను క్షమిస్తున్నానని చెప్పి, బరిపదలో కుష్ఠురోగుల సేవను కొనసాగించారు. చట్టం తన పని తాను చేసుకుపోయింది. వ్యక్తి క్షమించడం, రాజ్యం శిక్షించడం రెండూ వేర్వేరు సంగతులని క్రైస్తవ ఆలోచన మొదటినుంచీ చెబుతున్నదే.

చివరి అంకం పరిపూర్తి. ఆత్మ ఒళ్లు విడిచి ఎక్కడికో పైకి ఎగిరిపోవడమే ముగింపని చాలామంది క్రైస్తవులే అనుకుంటారు. బైబిలు చెప్పేది శరీర పునరుత్థానం, కొత్త ఆకాశం, కొత్త భూమి. సృష్టి మంచిదైతే దాన్ని పారేయడం కాదు, బాగుచేయడం దేవుడి పని అవుతుంది. తెలుగునాట చావు కబురులో ఫలానావారు ప్రభువునందు నిద్రించారని చెప్పుకోవడం, భూస్థాపన తరవాత పెద్దకర్మకు బదులు ఆదరణ కూడిక పెట్టుకోవడం, ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు వెళ్లడం ఈ ఆశలోంచి పుట్టినవే. ఆదరణ కూడికలో ఏడుపు ఉండకూడదని కాదు. లాజరు సమాధి దగ్గర యేసు కన్నీరు పెట్టుకున్నాడని వాక్యం చెప్పే పాస్టర్లు ఆ పూట ఎక్కువమందే.

ఒంగోలులో మూడు నియమాలు

దృక్పథం నడవడిగా మారితే ఏమవుతుందో చూడడానికి తెలుగు నేల మీదే ఒక గట్టి ఉదాహరణ ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. ఆ ప్రాంతంలో మొదట విశ్వాసంలోకి వచ్చి, ఊరూరా తిరిగి తనవాళ్లకు చెప్పినవాడు తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద. కొత్తగా చేరినవారికి క్లౌ పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పనికి వెళ్లకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు.

వినడానికి ఇవి మామూలు మత నియమాల్లా ఉంటాయి. ఆనాటి పల్లె వ్యవస్థలో పెట్టి చూస్తే మూడూ మూడు పేలుళ్లు. మాదిగలు ఊళ్లో చచ్చిన గొడ్డును మోసుకుపోయి, తోలు తీసి, రైతుకు చెప్పులూ మోటకు కావలసిన తోలు సామానూ చేసివ్వాలి. అందుకు కోతల్లో కొంత గింజ, ఆ గొడ్డు మాంసం వాళ్ల వంతు. జాతరలో డప్పు కొట్టడం వాళ్ల విధి. రైతు పిలిచిన రోజున చేలోకి దిగడం వాళ్ల విధి. ఆదివారం రానన్నవాడు కాపుకు ఎదురు చెప్పినట్టే. విగ్రహానికి మొక్కనన్నవాడు డప్పు పక్కన పెట్టినట్టే. అందుకే పెద్దరైతులూ కరణాలూ ఊరుకోలేదు. పని మాన్పించారు, గింజ ఆపేశారు, కేసులు పెట్టించారు. వారానికి ఒకరోజు తన ఒళ్లు తనదేనని చెప్పగలగడం, తిండిలో పరువు కోరుకోవడం అన్నవి దేవుని స్వరూపం అనే పెద్దమాటకు పల్లె భాషలో వచ్చిన అర్థాలు. వాటిని బోధించిన మిషనరీ అంత దూరం ఊహించాడని చెప్పలేం. ఆచరించినవాళ్లే దాని లోతు ముందుగా చూశారు.

1876-78 కరువు వచ్చినప్పుడు క్లౌ ఇంకో పని చేశాడు. కరువు పనిగా ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలవలో సుమారు మూడున్నర మైళ్లు కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి పని, కూలి ఇప్పించాడు. మేస్త్రీలుగా నిలబడింది చాలావరకు ఆయన దగ్గరున్న తెలుగు బోధకులే. పగలు మట్టి లెక్క, రాత్రి వాక్యం. వేలమంది బాప్తిస్మం అడిగినా ఆ కాలంలో ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట పడకూడదనుకున్నాడు. కరువు సాయం ఆగాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. వాళ్లు వచ్చింది అన్నం కోసమా, ఆత్మ కోసమా అన్న వాదన ఈనాటికీ నడుస్తోంది. ఒళ్లూ ఆత్మా రెండూ దేవుడివేనన్న దృక్పథంలో ఆ రెంటినీ అంత తేలిగ్గా విడదీయలేం. అయినా ఆ విభజన గురించి అందరికంటే ఎక్కువ బెంగపడినవాడు క్లౌయే. లేకపోతే అన్ని నెలలు ఆపి ఉండడు.

ఇలాంటిదే మెదక్‌లో ఇంకొకటి. మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో జనానికి పని కల్పించడానికి కట్టించిన పెద్ద చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. 173 అడుగుల గోపురం చూడడానికి వచ్చేవారికి దాని పునాదుల్లో కరువు కూలి ఉన్న సంగతి గైడు చెబితేగానీ తెలియదు.

పని, విశ్రాంతి, డబ్బు

మధ్యయుగాల యూరప్‌లో దేవుడి పిలుపు అంటే మఠంలో చేరడమే. చెప్పులు కుట్టేవాడూ, పాలు పితికే పనిమనిషీ తమ పని ద్వారా సాటిమనిషికి సేవ చేస్తే అదీ దేవుడి పిలుపేనని లూథర్ అన్నాడు. ఈ లెక్కన ప్రార్థన చేసి నాసిరకం సిమెంటు వాడే కాంట్రాక్టరు కంటే, ప్రార్థనలో మాటలు తడబడినా గోడ నిట్టనిలువుగా కట్టే మేస్త్రీ మెరుగైన ఆరాధకుడు. పనికి హద్దుగా విశ్రాంతి దినం ఉంది. ద్వితీయోపదేశకాండములోని విశ్రాంతి ఆజ్ఞ ఇంటి యజమానితో ఆగదు. దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఇంట్లో ఉన్న పరదేశి అందరికీ వర్తిస్తుంది. ఒకప్పుడు ఐగుప్తులో బానిసలుగా ఉన్నది గుర్తుంచుకోమని కారణం కూడా చెబుతుంది.

డబ్బు విషయంలో మోషే ధర్మశాస్త్రం రైతులకు చెప్పిన లెక్క చాలా నిర్దిష్టమైనది. చేను అంచులదాకా కొయ్యకూడదు, రాలిన కంకులు ఏరకూడదు, ద్రాక్షతోటను ఊడ్చుకుపోకూడదు. ఆ పరిగె పేదవాడిది, పరదేశిది. మోయాబు నుంచి వచ్చిన వితంతువు రూతు బోయజు చేలో పరిగె ఏరుకున్నది ఈ హక్కుతోనే. అది భిక్ష కాదు. యాభయ్యో ఏడు సునాద సంవత్సరంలో అమ్ముడుపోయిన భూమి మళ్లీ పాత కుటుంబానికి చేరాలి. ఇది ఎంతవరకు అమలైందో గాని, భూమి దేవుడిది, మనిషి దాని మీద కాపురమున్న అతిథి అన్న ఆలోచన మాత్రం నిలిచిపోయింది. పరిశ్రమల కాలంలో కూలి రేట్లు, కార్మిక సంఘాల గురించి పోప్ పదమూడో లియో 1891లో వెలువరించిన ‘రేరుమ్ నొవారుమ్’ ఈ ఆలోచనకే కొత్త కొనసాగింపు.

ఇందుకు పూర్తి వ్యతిరేకమైన బోధ ఒకటి ఇప్పుడు టీవీ చానళ్లలో, పెద్ద సభల్లో బాగా వినిపిస్తోంది. ఎంత కానుక ఇస్తే అంత ఆశీర్వాదం, రోగమూ పేదరికమూ విశ్వాసం చాలనందువల్లేనన్నది దాని సారాంశం. బైబిల్లో యోబు గ్రంథం ఉన్నది ఈ లెక్కను చెదరగొట్టడానికే అనిపిస్తుంది. నీతిమంతుడైన యోబు అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చుంటే, నువ్వేదో పాపం చేసే ఉంటావని అతని స్నేహితులు పేజీలకు పేజీలు వాదిస్తారు. చివరికి దేవుడు తప్పుపట్టింది ఆ స్నేహితులనే.

చూపు చెదిరినచోట్లు

ఒకే గ్రంథం చదివి మనుషులు ఎదురెదురు దారులు పట్టడం క్రైస్తవ చరిత్రలో కొత్త కాదు. బ్రిటన్‌లో పార్లమెంటు సభ్యుడు విల్బర్‌ఫోర్స్, ఆయన మిత్రులు విశ్వాసం కారణంగానే ఇరవై ఏళ్లు పోరాడి 1807లో బానిస వ్యాపారాన్ని నిషేధింపజేశారు. 1833లో ఆయన కన్నుమూసిన రోజుల్లోనే బానిసత్వ రద్దు బిల్లు కూడా కామన్స్ సభ దాటింది. అదే బైబిలు పట్టుకుని అమెరికా దక్షిణ రాష్ట్రాల క్రైస్తవులు బానిసత్వాన్ని సమర్థించారు. బానిసల యజమానులను మిషనరీలుగా పంపవచ్చా అన్న తగాదా మీదే 1845లో సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ పుట్టింది. అది క్షమాపణ చెప్పింది 1995లో.

కైపర్ ఆలోచనకూ ఇదే గతి పట్టింది. ఏ పరిధి దానిదేనన్న ఆయన వాదనను దక్షిణాఫ్రికాలోని కొందరు డచ్ రిఫార్మ్‌డ్ పండితులు ఏ జాతి దాని చోటులోనేనని మార్చి, వర్ణవివక్షకు వేదాంతపు గోడ కట్టారు. అంతకుముందు 1857లోనే కొందరు తెల్లవారి బలహీనతను సాకుగా చూపి నల్లవారికి వేరే ఆరాధనలు అనుమతించారు. తాత్కాలికమన్న ఏర్పాటు చట్టంలా గట్టిపడింది. దాన్ని ఎదిరించిన బెల్హార్ ఒప్పుకోలు ప్రకటన 1982లో తయారై 1986లో ఆమోదం పొందింది. దాన్ని రాసినవారూ రిఫార్మ్‌డ్ సంఘంవారే. పతనం గురించి అంత బాగా బోధించినవాళ్లు తమ సొంత జాతికి దాన్ని అన్వయించుకోలేకపోయారు.

తెలుగునాట ఈ పరీక్ష పేరు కులం. కోస్తాలో బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు, లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువగా చేరడం వల్ల, ఏ సంఘమో చెబితే ఏ పేటో తెలిసిపోయే పరిస్థితి చాలాచోట్ల వచ్చింది. పెళ్లి ప్రకటనల్లో విశ్వాసి కావాలని రాసి, పక్కనే కులమూ రాస్తారు. ఒకే బల్ల దగ్గర రొట్టె ద్రాక్షారసం పంచుకునేవారు వియ్యమందుకోవడానికి వెనకాడతారు. బయటి లోకమూ వాళ్లను కులంతోనే చూసింది. ‘గబ్బిలం’ రాసిన జాషువా క్రైస్తవ కుటుంబంలో పుట్టినా అంటరానితనం ఆయన్ను వదల్లేదు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది గాని, అంతకుముందు ఆయన పడిన అవమానాలు తక్కువ కావు. చట్టంలోనూ చిక్కుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ వర్తింపజేసినా దళిత క్రైస్తవులకు ఆ హోదా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారిని బీసీ-సి గ్రూపులో ఉంచారు. మతం మారితే కులం పోతుందని చట్టం అనుకుంటుంది, పోలేదని పేట చెబుతుంది, పోవాలని వాక్యం అంటుంది. దొర్నకల్ బిషప్పు వి.ఎస్. అజరయ్య ఈ సంగతి బాగా ఎరిగినవాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పయిన ఆయన, పల్లెల్లోని మాల మాదిగ విశ్వాసులతోనే తన సంఘాన్ని నిలబెట్టాడు. 1939లో ప్రతిష్ఠించిన దొర్నకల్ కెథెడ్రల్‌ను ఇంగ్లీషు చర్చి నమూనాలో కాక, ఇక్కడి గుడి, మసీదు పోకడలు కలిపి కట్టించాడు.

రాజ్యంతో ఎలా మసలుకోవాలన్నదానిలో క్రైస్తవుల మధ్య ఏకాభిప్రాయం లేదు. మార్చగలిగినంత మార్చమని కైపర్ దారివాళ్లు అంటారు. చర్చి పరిధి, రాజ్యం పరిధి వేరని లూథరన్లు గీత గీస్తారు. మెన్నొనైట్లలాంటి శాంతివాదులు ఆయుధం పట్టనంటారు. పేదల పక్షం వహించనిది సువార్తే కాదని లాటిన్ అమెరికా విమోచన వేదాంతులు అన్నారు. రోమ్ నగరం 410లో దోపిడీకి గురయ్యాక బిషప్పు అగస్టీను రాసిన ‘దేవుని పట్టణం’ వీళ్లందరికీ పూర్వగ్రంథం. ఏ రాజ్యమూ దేవుని పట్టణం కాదు, ఏ రాజ్యాన్నీ పట్టించుకోకుండా ఉండలేం అన్న ఆయన మాటలోని రెండు సగాల్లో ఎవరికి నచ్చిన సగం వాళ్లు తీసుకున్నారు.

అలవాటులో కుదురుకునే దృక్పథం

దృక్పథం గురించి ఇంత మాట్లాడడం మీద ఒక సరైన అభ్యంతరం ఉంది. మనిషి ఆలోచనలతో కంటే ఇష్టాలతో నడుస్తాడు, ఆ ఇష్టాలు అలవాట్లతో ఏర్పడతాయి గనక ఉపన్యాసాలకంటే ఆరాధన ముఖ్యమని తత్వవేత్త జేమ్స్ కె.ఎ. స్మిత్ 2009లో ఒక పుస్తకంలో వాదించాడు. మూలం మళ్లీ అగస్టీనే. సాయంత్రం కుటుంబ ప్రార్థన, ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమకాలం, ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు వీబీఎస్ అనే బైబిలు బడి, మొదటి పంట కానుక ఇవన్నీ ఆ అలవాటు బడులే. మిజోరంలో 1910 నుంచి క్రైస్తవ ఇల్లాళ్లు బియ్యం పొయ్యిమీద పెట్టేముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడుతున్నారు. ఆ బియ్యం అమ్మిన డబ్బుతోనే అక్కడి సంఘాలు సేవాకార్యక్రమాలు నడుపుకుంటాయి.

ఆదివారం ఆరాధన క్రమాన్ని గమనిస్తే నాలుగు అంకాలూ అందులో వరసగా కనిపిస్తాయి. స్తుతితో మొదలవుతుంది, తరవాత పాపపు ఒప్పుకోలు, ఆపైన క్షమాపణ ప్రకటన, వాక్యం, బల్ల, చివరికి దీవెన ఇచ్చి లోకంలోకి పంపడం. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్‌ఐ, 1950లో తయారుచేసుకున్న ప్రభురాత్రి భోజన క్రమంలో ఇంకొకటి చేర్చింది. రొట్టె విరిచే ముందు పాస్టరు పక్కవారి చేతులు పట్టుకుని సమాధానం పలికితే, దాన్ని ఒకరి చేతుల నుంచి ఒకరు అందుకుంటూ చివరి వరసదాకా చేరుస్తారు. ఆ పద్ధతి కేరళ సిరియన్ క్రైస్తవుల దగ్గర తీసుకున్నది. పక్కవాడి కులమేదో అడగకుండా చెయ్యి పట్టుకోవాల్సిన ఈ క్రమం, ఆ తరవాతి దశాబ్దాల్లో ఆరాధనను సంస్కరించుకున్న పాశ్చాత్య సంఘాలకు కూడా మాదిరి అయింది.